అమ్మ కళ్ళ మీది పసుపు మచ్చలు

తూర్పుపాళెం,
అల్లూరు మండలం.
ఏప్రిల్ 9.

చెల్లి డెబోరాకు,

అక్క ఎలిశబెతు దీవెనలు. ఫోను చేతిలో పెట్టుకుని ఈ కాగితాలేమిటి అనుకుంటున్నావు కదూ. విను. పోయిన నెల మా బ్రాంచి తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. తేదీ ముద్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏమ్మా, ఇది అరిగిపోయేదానికన్నా ముందు తుప్పు పట్టేట్టుందే!" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, సంచిలో వచ్చేవన్నీ బ్యాంకు కవర్లు, ఆధార్ కార్డులు, కోర్టు నోటీసులు. మనిషి మనిషికి రాసిన ఉత్తరం నా చేతి మీదుగా పోయి ఏడాది దాటింది. పద్దెనిమిదేళ్ళుగా పోస్టుమాస్టరుగా ఉండి, సొంత చెల్లెలికే కార్డు ముక్క రాయకపోతే ఊళ్ళో వాళ్ళనేం అడుగుతాను? పైగా నీ ల్యాబులోకి ఫోను తీసుకుపోనివ్వరాయె. నువ్వు బయటికొచ్చే వేళకు నేను పొయ్యి దగ్గరుంటాను. అందుకని ఇక మీదట ఉత్తరాలే. చిన్నదానివి, మాట వినాలి.

ఇంకో సంగతి. మాలకొండమ్మ పింఛను కోసం వచ్చి, "మీ చెల్లెలు తడలో ఏం చేస్తా ఉండాది?" అని అడిగింది.

"కణాలు పెంచుతుంది" అన్నాను.

"కోళ్ళు పెంచినట్టా?"

"ఆ, అట్నే."

"గుడ్లు పెడతాయా?"

 సరిగ్గా నువ్వు చేసే పనేమిటో నాకర్థమయ్యేటట్టు రాయి.

మీ బావ గిద్యోను గారు కులాసా. రొయ్యల గుంటల దగ్గర కొత్త ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాడు, మూడో రోజుకే అది నాలుగు కాళ్ళూ చాపేసింది. నూట నాలుగు కిలోలు. అడిగితే కుర్చీ నాసిరకం అంటాడు. మా అమ్మాయి కెజియా నెల్లూరు హాస్టల్లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. పరీక్షలు దగ్గర పడ్డాయి.

నీ అక్క,
ఎలిశబెతు.

తడ.
ఏప్రిల్ 20.

అక్కకు,

వందనాలు. నీ ఉత్తరం మా సెక్యూరిటీ గార్డు రెండుసార్లు వెలుగులో పెట్టి చూసి ఇచ్చాడు. చేత్తో అడ్రసు రాసిన కవరు ఈ ఇండస్ట్రియల్ పార్కులోకి రావడం అతనెప్పుడూ చూడలేదట.

మాలకొండమ్మక్కతో చెప్పు, నా కణాలు గుడ్లు పెట్టవు కానీ కోళ్ళకంటే ఎక్కువ తింటాయి.

మన నెత్తురులో కాపలా తిరిగే తెల్లకణాలుంటాయి. వాటిలో కొన్ని రక్తనాళం గోడలోకి దూరి, అక్కడే మకాం పెట్టి తిండిపోతు కణాలుగా మారతాయి. మేం మాక్రోఫేజ్‌లంటాం. సూక్ష్మజీవి కానీ చచ్చిన కణం కానీ, ఏది కనపడితే అది మింగి శుభ్రం చెయ్యడం వాటి ఉద్యోగం. ఇక కొలెస్ట్రాల్ ఉందే, అది నూనె జాతి, నెత్తురులో కరగదు. అందుకని శరీరం దాన్ని చిన్న చిన్న మూటలు కట్టి పంపుతుంది. ఎల్‌డీఎల్ అని డాక్టర్లు చెప్పేది ఆ మూటల్లో ఒక రకాన్ని. అవి మరీ ఎక్కువైతే గోడలోకి దూరి ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నవి అక్కడే పాడవుతాయి, మూత తీసి పెట్టిన నూనె పాతవాసన వేసినట్టు.

బావ రొయ్యలకు మేత చల్లి, గుంటలోకి చెక్ ట్రే దించి చూస్తాడు కదా? ట్రేలో మేత మిగిలితే మరుసటి పూట తగ్గిస్తాడు. మంచి మూటల విషయంలో ఈ కణమూ అంతే. లోపల చాలినంత ఉంటే తలుపులు తగ్గించుకుంటుంది. పాడైపోయిన మూటలకు మాత్రం వేరే తలుపుంది. దానికి చెక్ ట్రే లేదు. ఎంత వస్తే అంత లోపలికి. మింగి మింగి, ఒళ్ళంతా కొవ్వు బొట్లతో నిండిపోయి, మైక్రోస్కోపులో చూస్తే సబ్బు నురుగులా కనపడుతుంది. అందుకే వాటిని నురుగు కణాలంటాం. ఎర్రరంగు వేస్తే ఆ బొట్లు దానిమ్మ గింజల్లా మెరుస్తాయక్కా! ఒక ఫోటో నా బల్ల ముందు అంటించుకున్నాను.

అవి తోటి కణాలను కూడా పిలుస్తాయి. కొన్నాళ్ళకు అక్కడే చచ్చిపోతాయి. తిన్నదంతా గోడలో పేరుకుని గడ్డవుతుంది. ఆ గడ్డ పగిలిన రోజు నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుంటుంది. అది గుండెకు పోయే దారైతే గుండెపోటు. మందులిచ్చి ఈ కణాల తిండి తగ్గించగలమా, తిన్నది బయటికి పంపించగలమా అని చూడడమే నా పని.

నూట నాలుగు కిలోల మనిషికి రక్తపరీక్ష చేయించి ఎన్నేళ్ళయింది? నా కంగారంతా బావ గురించే.

నీ డెబోరా.

తూర్పుపాళెం.
మే 6.

చెల్లీ,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. చెక్ ట్రే దగ్గరకొచ్చేసరికి లేచి కూర్చున్నాడు. "రొయ్యకుండే ట్రే మనిషికెందుకు పెట్టలేదో పాస్టరు గారిని అడగాల" అన్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా గుంటల కాడ పనివాళ్ళకు నీ పాఠమే చెప్పాడు. ఏం చెప్పాడో ఏమో కానీ, వాళ్ళలో ఒకతను నన్నడిగాడు, "అమ్మా, మన ఒంట్లో రొయ్యలుంటాయంటనే?" అని.

పరీక్షకు మాత్రం రానన్నాడు. సూదంటే ఈయనకు ఎంత భయమో నీకు తెలుసు కదా. పెళ్ళి నాడు పూలదండలోని గుండుసూది గుచ్చుకుంటే ఊరంతా వినపడేట్టు అరిచిన మనిషి. చివరికి బేరం కుదిరింది. పరగడుపున నెత్తురిచ్చి వస్తే ఆ పూటే దోసెలు, చేపల పులుసు. వచ్చే సోమవారం అల్లూరు తీసుకుపోతున్నాను.

కెజియా సెలవులకు వచ్చింది. నా కనురెప్పల మీద ముక్కు పక్కగా పసుపు మచ్చలు లేచాయి చూడు, వాటికని నెల్లూరు నుంచి ఏదో క్రీము తెచ్చింది. అవసరం లేదన్నాను. అమ్మకుండేవి కదా, సరిగ్గా అక్కడే. అమ్మ పోలిక ఇన్నాళ్ళకు వచ్చిందని సంతోషించాను.

నెల రోజులుగా నన్నొక పంటినొప్పి పట్టుకుంది. ఉత్తరాలు పంచుతూ గట్టు మీద నడిచేటప్పుడు ఎడమ దవడ లాగేస్తుంది. కాసేపు కూర్చుంటే పోతుంది. లవంగం పెట్టుకుంటున్నాను.

అక్క.

తూర్పుపాళెం.
మే 14.

మరదలా,

మీ బావను. చేతికి మేత వాసనని నేను చెప్తా ఉంటే కెజియా రాస్తా ఉండాది. మీ అక్క ఆఫీసులో ఉండాది, దానికి తెలీదు.

ముందు నా రిపోర్టు విను. ఎల్‌డీఎల్ తొంభై ఎనిమిది! చెక్కర లేదు, బీపీ కూడా సరిగ్గా ఉండాది. ఆ ల్యాబు అబ్బాయి "ఇది మీ నెత్తురేనా సార్?" అని రెండుసార్లు అడిగినాడు. రిపోర్టు జెరాక్సు తీపించి గుంటల కాడ షెడ్డులో అంటించినా. నా తిండి మీద ఇంక ఎవురూ మాట్లాడకూడదు.

ఇప్పుడు అసలు మాట. నాతోపాటు నువ్వు కూడా నెత్తురియ్యి అంటే మీ అక్క ఇయ్యలేదు. "నేను పుల్ల మాదిరి ఉండా, నాకెందుకు కొవ్వు?" అనింది. నలభై ఎనిమిది కిలోలు, కాదనేదానికి లేదు. కానీ పాపా, మా ఇంటి నుంచి చర్చి ఎంత దూరం? నాలుగొందల అడుగులు. మొన్న ఆదివారం రెండుసార్లు నిలబడిపోయింది. దవడ పట్టుకుని, మొహమంతా చెమట. అడిగితే "పన్ను" అనింది. పంటి డాక్టరు కాడికి తీసుకుపోతే ఆయన పళ్ళన్నీ తట్టి చూసి "అన్నీ బాగుండాయమ్మా" అన్నాడు. ఆ మాట నీకు రాయొద్దని నా కాడ మాట తీసుకునింది. అందుకే నేను రాయలా, కెజియా రాసింది.

గిద్యోను.

పిన్నీ, నాకు భయంగా ఉంది. కెజియా.

తడ.
మే 17.

అక్కా,

నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "సిగ్నల్ లేదు" అని పెట్టేశావు. సిగ్నల్ లేనివాళ్ళు ఆ మాట కూడా చెప్పలేరు.

నడిస్తే వచ్చి కూర్చుంటే పోయేది పంటినొప్పి కాదు. గుండెకు నెత్తురు చాలనప్పుడు కొందరికి ఛాతీలో కాక దవడలో, భుజంలో తెలుస్తుంది. ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. నువ్వు రాసిన వాక్యం నేను చదివాను, చదివి కూడా పట్టించుకోలేదు. నా కళ్ళన్నీ బావ నూట నాలుగు కిలోల మీదే ఉన్నాయి. ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకే తట్టలేదు.

ఇంకోటి చెప్తాను. నీ కళ్ళ మీది పసుపు మచ్చలున్నాయే, వాటిలో ఉండేవి ఏమిటనుకున్నావు? నేను గిన్నెల్లో పెంచే నురుగు కణాలే. కొవ్వు మింగి చర్మం కింద కూర్చున్నవి. మచ్చలున్న ప్రతివాళ్ళకూ జబ్బుంటుందని కాదు. కానీ అమ్మకున్నాయి, నీకున్నాయి, అమ్మ నలభై ఏడేళ్ళకే పోయింది. కొన్ని కుటుంబాల్లో ఎల్‌డీఎల్ మూటల్ని దించుకునే తలుపులు కాలేయానికి పుట్టుకతోనే తక్కువగా ఉంటాయి. తినకపోయినా, సన్నగా ఉన్నా మూటలు నెత్తురులోనే తిరుగుతుంటాయి. చిన్నప్పటినుంచీ గోడల్లోకి దూరుతూనే ఉంటాయి.

అమ్మను పూడ్చిన రోజు సంజీవరావు మామ సమాధి దగ్గరే నాన్న చొక్కా పట్టుకుని "నా అక్కను నువ్వే చంపినావు, గ్యాసని సోడా తాపి పండబెట్టినావు" అని అరిచింది నీకు గుర్తుండే ఉంటుంది. నాకప్పుడు పదహారేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా మామ తన ఊరు సంగం నుంచి మన గడప తొక్కలేదు. నాన్న పోయినా రాలేదు. ఆ రోజు పొద్దున అమ్మ కూడా దవడ నొప్పనే అన్నదని నాన్న చెప్పేవాడు.

ఈ ఉత్తరం అందిన రోజే నెల్లూరు వెళ్ళు. ఆఫీసు ఒక్కరోజు మూస్తే ప్రళయం రాదు.

డెబోరా.

తూర్పుపాళెం.
మే 21.

డెబోరా,

మీ బావ చాడీల సంగతి ఆయనతో తేల్చుకున్నాను. రెండు రోజులు చేపలు బంద్.

నాకేం కాలేదు. వయసు యాభై రెండు, ఎండలు నలభై మూడు, ఆయాసం రాకపోతే ఆశ్చర్యం. నన్ను ఆస్పత్రిలో పడుకోబెట్టాలని అందరూ కూడబలుక్కున్నారు. నెలాఖరు వస్తోంది, పింఛన్లున్నాయి. నేను లేకపోతే మాలకొండమ్మ అల్లూరు దాకా నడవాలి.

అయినా నన్ననే ముందు నీ సంగతి చెప్పు. ఒకే కడుపున పుట్టాం. ఊళ్ళో వాళ్ళ నెత్తురు తెచ్చి గిన్నెల్లో పోసుకుని చూస్తావు కదా, నీది ఎప్పుడైనా చూసుకున్నావా? నువ్వు పరీక్ష చేయించుకుని ఆ రిపోర్టు నాకు పోస్టులో పంపు. ఆ కవరు మీద నా చేత్తో ముద్ర వేసిన రోజున నేను బస్సెక్కుతాను. అప్పటిదాకా ఈ మాట ఎత్తకు.

ఎలిశబెతు.

తడ.
మే 26.

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నా నెత్తురు నేను ఎప్పుడూ చూసుకోలేదు. ప్రయోగాలకు కణాలు కావాలంటే ల్యాబులో వంతులవారీగా రక్తం ఇస్తాం. నేనూ ఎన్నోసార్లు ఇచ్చాను. అందులోంచి తెల్లకణాలు తీసుకున్నాను తప్ప మిగతాది ఏమిటో అడగలేదు.

నిన్న పరీక్షకు మా ల్యాబులో పనిచేసే సుశీల్ కుమార్ నా నెత్తురు తీశాడు. గొట్టంలో పైన తేరిన నీరు చూశాను. శుభ్రంగా, తేటగా ఉంది. కంటికి ఏమీ తెలియదు. రిపోర్టు ఇందులో పెట్టాను. రెండు వందల ముప్పై ఒకటి. నూరు లోపు ఉండాలి. నాకు ముప్పై ఎనిమిదేళ్ళక్కా.

సుశీల్ ఆ అంకె చూశాడు. నా బల్ల ముందు అంటించిన ఫోటో తీసి సొరుగులో పెట్టాడు. అప్పుడు ఏడుపొచ్చింది.

స్పీడ్ పోస్టు చేస్తున్నాను. అది ముందొస్తుందో, నేను ముందొస్తానో. సెలవు పెట్టాను. బుధవారం పొద్దున మీ ఇంట్లో ఉంటాను. ముద్ర వేసుకో, వేసుకోకపో, అదే రోజు మనం నెల్లూరు పోతున్నాం. నాకు ఒంటరిగా డాక్టరు దగ్గరికి పోవడం చేతకాదు. నువ్వు తోడు రా.

డెబోరా.

నెల్లూరు.
జూన్ 3.

బంగారు తల్లీ,

నిన్న నువ్వు తడ బస్సెక్కావు, ఇవాళ నాకు మంచం మీద కూర్చుని రాసుకునేందుకు అనుమతి దొరికింది. నువ్వు రెండు గంటలు బయట కుర్చీలో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నావు కాబట్టి, లోపల ఏం జరిగిందో చెప్తాను.

లోపల ఎంత చలో! మే నెలలో ఒణికాను. సుభాషిణి డాక్టరు గారు నా మణికట్టు దగ్గర సూది గుచ్చి, సన్నటి గొట్టం లోపలికి పంపారు. నేను మేలుకునే ఉన్నాను. పక్కన టీవీలో నా గుండె. ఎండిన చెట్టు కొమ్మల్లా నాళాలు కనపడ్డాయి.

"ఏమ్మా, ఏం ఉద్యోగం?" అని అడిగారు డాక్టరు గారు.

"పోస్టుమాస్టర్నండీ."

"అయితే ఇది చూడండి. ముందు వైపు పెద్ద రోడ్డు ఇది. నూటికి తొంభై వంతులు మూసుకుపోయింది. ఇన్నాళ్ళు ఈ సందులోంచే బట్వాడా జరుగుతోంది."

"ఎట్లా జరిగిందండీ?"

"నేనూ అదే అనుకుంటున్నా" అన్నారావిడ. పక్కన ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "కదలొద్దమ్మా!" అని అరిచారు.

బుడగ ఊది స్టెంటు పెట్టారు. ఒక్కసారిగా ఆ చెట్టు చివరి కొమ్మల దాకా నల్లగా నిండింది. నా ఎల్‌డీఎల్ రెండు వందల అరవై ఎనిమిది. నీకంటే పెద్దదాన్ని కదా, అక్కడా నాదే పైచెయ్యి.

ఇవాళ పొద్దున వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు నడిచాను. దవడ ఊసే లేదు. మీ బావ పక్కనే నడిచి రెండోసారికే కుర్చీ వెతుక్కున్నాడు.

డెబోరా, ఒక మాట. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. బల్ల మీద పడుకున్నప్పుడు, బతికి బయటపడితే నీకు చెప్పాలనుకున్నాను. అమ్మ పోయిన రోజు ఆ అల్లం, సోడా కలిపి తాపింది నాన్న కాదు. నేను. నాన్న ఆటో పిలుచుకొస్తానని చెప్పులేసుకున్నాడు. "గ్యాసే నాన్నా, అరగంట పడుకుంటే తగ్గుతుంది" అని నేనే ఆపాను. మామ నాన్న చొక్కా పట్టుకున్నప్పుడు నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.  నాన్న నా వైపు ఒక్కసారి చూసి తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. పోయేదాకా ఆ నింద ఆయనే మోశాడు.

నువ్వేమన్నా సరే, వినడానికి సిద్ధంగా ఉన్నాను.

అక్క.

తడ.
జూన్ 12.

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజులు బ్యాగులో మోశాను. ఏం రాయాలో తెలియక కాదు, నీకు ఓదార్పుగా అబద్ధం రాయకూడదని.

అమ్మ గుండెలో ఆ గడ్డ ఆ రోజు పుట్టింది కాదు. నలభై ఏళ్ళు పట్టి పేరుకున్నది. సోడా దాన్ని చేయలేదు, పగలగొట్టనూ లేదు. నాన్న ఆటో తెచ్చి, అప్పటి రోడ్ల మీద నెల్లూరు చేర్చి ఉంటే అమ్మ బతికేదా? బతికేదేమో. దారిలోనే పోయేదేమో. నాకు తెలియదు. తెలుసని ఎవరు చెప్పినా నమ్మొద్దు. నీకు ముప్పై ఏళ్ళు, అమ్మకు నొప్పి తగ్గాలనుకున్నావు, ఇంట్లో ఉన్నది ఇచ్చావు. నీ సొంత దవడకే నువ్వు లవంగం పెట్టుకున్నావు కదక్కా! అమ్మకు తక్కువ చెయ్యలేదు, నీకు ఎక్కువ చేసుకోలేదు.

నాన్న గురించి మాత్రం చదువుతుంటే ఏడ్చాను. అంత పెద్ద మాట అంత నిశ్శబ్దంగా దాచుకున్నాడు.

నేను మాత్రలు మొదలుపెట్టాను. రాత్రి అన్నం తిన్నాక ఒకటి. మొదటి వారం మైక్రోస్కోపు ముందు కూర్చుంటే నా కణాల మీద కోపమొచ్చింది. తిండిపోతుల్లారా, అమ్మను మింగారు కదా అని. తర్వాత కోపం నిలవలేదు. ఊడ్చడం వాటి పని, చెత్త ఆగకుండా వస్తుంటే అవి మాత్రం ఏం చేస్తాయి? చెత్త తగ్గించాల్సింది మనం.

ఇప్పుడు కెజియాకు పరీక్ష చేయించాలి. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో పిల్లలకు సగం సగం అవకాశంతో వస్తుంది. అమ్మ తోబుట్టువులకూ, వాళ్ళ పిల్లలకూ ఉండొచ్చు. అంటే సంగంలో మామకూ, ఆయన ముగ్గురు కొడుకులకూ. పెద్దతనికి నలభై దాటి ఉంటాయి.

మామకు నువ్వే రాయాలి.

డెబోరా.

తూర్పుపాళెం.
జూలై 15.

చెల్లీ,

ఆఫీసు తెరిచాను. మాలకొండమ్మ కౌంటరు దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను తేరిపార చూసింది. "నీ గుండెకాయలో ఇనప స్ప్రింగు పెట్టినారంట, ఎగరతావా ఏంది?" అంది. ఎగరనని మాటిచ్చాను.

కెజియాకు చేయించాం. రెండు వందల ఐదు. రిపోర్టు చూసి నేను ఏడ్చాను కానీ అది ఏడవలేదు. "అమ్మా, అమ్మమ్మకు తెలియనే లేదు. నీకు యాభై రెండుకి తెలిసింది, పిన్నికి ముప్పై ఎనిమిదికి. నాకు పంతొమ్మిదికే తెలిసింది. నేనే లక్కీ" అంది. మాత్రలు వాడుతూ, పెళ్ళయి పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ముందుగా చెప్పమన్నారు డాక్టరు గారు. అప్పుడు ఆపాలట. మీ బావ సిగ్గుపడి బయటికి పోయాడు.

మామకు ఎనిమిది కాగితాలు రాసి చింపాను. జబ్బు సంగతి రాయడం తేలిక. సోడా సంగతి రాయకుండా ఆయనకు ఉత్తరం రాస్తే అది కూడా ఒక రకం అబద్ధమే. తొమ్మిదోది నిన్న సంచిలో వేశాను. రెండూ రాశాను. సంచికి సీలు వేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సీలు వంకరగా పడడం ఇదే మొదలు.

ఎలిశబెతు.

తూర్పుపాళెం.
నవంబర్ 8.

డెబోరా,

మూడు రోజులుగా ఒకటే వాన. గుంటల గట్లు తెగుతాయేమోనని మీ బావ గొడుగేసుకుని అక్కడే ఉన్నాడు. నాలుగు కిలోలు తగ్గాడు. నా భయానికి కాదు, గట్ల భయానికి. నా ఎల్‌డీఎల్ అరవై ఎనిమిదికి దిగింది. రెండో మాత్ర కలిపాక బాగా తగ్గింది, ఇంకొంచెం తగ్గాలంటున్నారు.

మామ నుంచి జూలై పోయింది, ఆగస్టు పోయింది, జవాబు రాలేదు. నేనిక రాదనుకున్నాను. ఉత్తరం చేరిందా లేదా అని సంగం పోస్టాఫీసుకు ఫోన్ చేసి అడగొచ్చు, నాకంత తేలిక. అడగలేదు. చేరిందని తెలిస్తే ఇంకా బాధ కదా.

నిన్న శుక్రవారం పదకొండింటికి, వానలో ఆఫీసు ముందు ఆటో ఆగింది. ముందు ఒక కర్ర దిగింది, తర్వాత మామ దిగాడు. అరవై ఏడేళ్ళకు బాగా వంగిపోయాడు. కౌంటరు అవతల నిలబడి నా ముఖం చూశాడు.  కిటికీలోంచి చెయ్యి పెట్టి, నా కంటి పక్కన మచ్చ మీద వేలు ఆనించాడు.

"మా అక్కవే" అన్నాడు.

ఆయన కళ్ళు చూశాను. ఆయనకు మచ్చలు లేవు. నెల్లూరులో చేయించాడట, నూట పది. ఆయనకు రాలేదు.

"నాకు లేదు పాపా. నా పెద్దోడికి ఉండాది, మీ అత్త మా మేనమామ కూతురే గదా, ఆమె నుంచి వచ్చుంటాదంట. రెండు వందల నలభై. నీ జాబు చదివి వాణ్ణి లాక్కుపోయినా. ట్రెడ్‌మిల్లు మీద పరిగెత్తిచ్చినారు. ఇంకా అడ్డం పడలేదంట, మాత్రలతో నిలబెట్టొచ్చంట. వాడికి ఇద్దరు ఆడబిడ్డలు." కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "నువ్వు రాయకపోయుంటే?"

కౌంటరు తలుపు తీసుకుని బయటికొచ్చి ఆయన చేతులు పట్టుకున్నాను. "మామా, సోడా సంగతి..." అన్నాను.

"చదివినా. నాలుగు నెలలు చదివినా. అందుకే ఇంత ఆలీసం." కర్ర గోడకానించి బెంచీ మీద కూర్చున్నాడు. "మీ నాయన చొక్కా గుండీలు ఊడొచ్చినాయి నా చేతికి. ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలా. నేను తప్పు చేసినోడు ఊరుకున్నాడనుకున్నా. బిడ్డను కాచుకున్నోడు ఊరుకున్నాడని ఇరవై రెండేళ్ళకు తెలిసింది."

"తప్పు నాది మామా."

"ఎవురిదే తప్పు? ఆ రోజు నేనుండినా సోడానే తాపుంటా. మా ఇండ్లల్లో దేనికైనా సోడానే గదా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, డెబోరా. ఆయనకూ వచ్చాయి. మాలకొండమ్మ కార్డు కోసం వచ్చి, ఇద్దరినీ చూసి, ఏం అర్థమైందో ఏమో తనూ కొంగు కళ్ళకు పెట్టుకుంది.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక సమాధుల తోటకు తీసుకుపోయాను. అమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. నాన్న దగ్గర చెప్పులు విప్పి, బురదలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లేపబోతే వద్దన్నాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు. వినకూడదని గేటు దగ్గరికి వచ్చేశాను. చాలాసేపటికి వచ్చి, "మీ నాయన ఇప్పుడు కూడా ఏమీ అనలా" అన్నాడు.

ఇంటికొచ్చాక మీ బావ వండిన చేపల పులుసు వడ్డించాను. మామ మూడోసారి గిన్నె వైపు చూస్తే మీ బావ గిన్నె పక్కకు జరిపాడు. మామ ఊరుకుంటాడా? "నాది నూట పదే అబ్బయా, నీదెంత?" అన్నాడు. మీ బావ షెడ్డుకు మనిషిని పంపి రిపోర్టు జెరాక్సు తెప్పించాడు. ఇద్దరూ కాగితాలు పక్కపక్కన పెట్టుకుని, పులుసు చల్లారిపోయేదాకా వాదించుకున్నారు.

పోయేటప్పుడు ఆటోలో కూర్చున్నాక మామ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ముగ్గురు కొడుకుల పేర్లు, ఏడుగురు మనవళ్ళు మనవరాళ్ళ పేర్లు, పుట్టిన తేదీలు, అన్నీ వంకర అక్షరాలతో ఆయనే రాశాడు.

"చిన్నబిడ్డికి ఆరేండ్లే. సూదంటే ఏడస్తాది" అన్నాడు. "మీ చెల్లెల్ని ఎప్పుడు రమ్మంటావు పాపా? ఆయమ్మ పక్కనుంటే నేను బిడ్డిని పట్టుకుంటా."

వచ్చే శనివారం అని చెప్పేశాను. సెలవు పెట్టు.

అక్క.